ఒక ఆయా, రెండు కుటుంబాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్లపాటు మా పాపను, మరో కుటుంబంలోని బాబును ఒకే ఆయా చూసుకున్నారు. అప్పుడు మేము నేర్చుకున్న విషయాలనూ, ఇదే ఏర్పాటు చేసుకోవాలనుకున్న తల్లిదండ్రులు మమ్మల్ని పదేపదే అడిగిన ప్రశ్నలనూ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఆయాను పంచుకోవడం అంటే ఏమిటి?

రెండు కుటుంబాలు కలిసి ఒకే మనిషిని పనిలో పెట్టుకుంటాయి. ఆమె ఇద్దరు పిల్లలనూ ఒకేచోట, ఒకే సమయంలో చూసుకుంటారు. జీతాన్ని రెండు ఇళ్లూ కలిసి భరిస్తాయి. పొద్దున ఒకరింట్లో, మధ్యాహ్నం మరొకరింట్లో పనిచేయడం వేరు. అవి రెండు చిన్న ఉద్యోగాలు. ఇక్కడ ఉద్యోగం ఒకటే, యజమానులు మాత్రం ఇద్దరు.

ఈ తేడాను మొదటే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావరకు పిల్లల వల్ల రావు, ఆయా వల్ల కూడా రావు. యజమానులు నేరుగా మాట్లాడుకోవలసిన విషయాన్ని ఆమె నెత్తిన పెట్టినప్పుడు వస్తాయి.

ఇది మాకు సరిపడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఖర్చు కొంత తగ్గాలి, పిల్లకు తోడు కావాలి, అయినా పెద్ద శిశు సంరక్షణ కేంద్రంలో వేయడం ఇష్టం లేదు అనుకునేవాళ్లకు ఇది బాగుంటుంది. మీ పనివేళలు వారం వారం మారుతుంటే కష్టం. మీ వేళ మారిన ప్రతిసారీ మరో కుటుంబం వేళ కూడా మారాలి. పిల్ల పెంపకంలో ప్రతి చిన్న విషయమూ తాము అనుకున్నట్టే జరగాలని కోరుకునేవాళ్లకూ ఇది నప్పదు. అలా కోరుకోవడం తప్పు కాదు. కానీ పంచుకున్న ఆయా దగ్గర అది సాధ్యపడదు.

పుట్టుకతోనే ప్రత్యేక వైద్య సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో ముందు మీ వైద్యుడితో మాట్లాడండి. ఇద్దరు పిల్లల మధ్య తిరిగే మనిషి ఎంత శ్రద్ధ పెట్టగలరో ఆయనకు తెలుస్తుంది.

ముందు ఆయాను వెతకాలా, రెండో కుటుంబాన్ని వెతకాలా?

కుటుంబాన్నే. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేస్తారు. మంచి ఆయా దొరికారన్న సంతోషంలో, ఖర్చు పంచుకోవడానికి ఎవరో ఒకరు దొరికితే చాలని తొందరపడతారు. ఆయాతో మీకు ఉండేది ఉద్యోగ సంబంధం, దానికి నియమాలు రాసుకోవచ్చు. రెండో కుటుంబంతో ఉండేది అలాంటిది కాదు. రోజూ ఉదయం, సాయంత్రం ఎదురుపడతారు. మీ బిడ్డ తిండి, నిద్ర, జ్వరం, డబ్బు గురించి మాట్లాడుకుంటారు. వాళ్లతో పొసగకపోతే ఎంత మంచి ఆయా అయినా నిలబడలేరు.

ఇదివరకే ఒక ఆయా మీ దగ్గర పనిచేస్తుంటే మాత్రం, రెండో బిడ్డ విషయం బయట ఎవరితోనైనా మాట్లాడే ముందే ఆమెను అడగండి. ఆమె ఒప్పుకున్న ఉద్యోగం ఒక బిడ్డను చూసుకోవడం. ఇద్దరిని చూసుకోవడం వేరే ఉద్యోగం. కాదనే హక్కు ఆమెకు ఉంది.

రెండో కుటుంబం ఎక్కడ దొరుకుతుంది?

నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో వెతకడం మేలు. ఒకే భవనంలో ఉండేవాళ్లు, దగ్గరి పార్కుకు పిల్లలను తీసుకొచ్చేవాళ్లు, ప్రసవానికి ముందు తరగతుల్లో పరిచయమైన తల్లులు, పిల్లల వైద్యుడి దగ్గర తరచూ కనిపించేవాళ్లు, మీ ఆఫీసులో ఇటీవల తల్లిదండ్రులైనవాళ్లు, అందరినీ అడగండి. అడగడానికి మొహమాటపడకండి. అవతలివాళ్లు కూడా అదే వెతుకులాటలో ఉండవచ్చు. దూరం పెరిగితే స్నేహం ఎంత గట్టిదైనా ఉదయపు హడావుడిలో సన్నగిల్లుతుంది.

ప్రాణస్నేహితులతో పంచుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పంచుకోవచ్చు. అయితే డబ్బు మాటలు మొహమాటం లేకుండా మాట్లాడుకోగలరా అన్నదే ప్రశ్న. కొత్తవాళ్లతో సూటిగా అనగలిగిన మాటను స్నేహితులతో అనలేక నెలల తరబడి మనసులో దాచుకున్నవాళ్లను చూశాను.

ఆ కుటుంబాన్ని కలిసినప్పుడు ఏం మాట్లాడుకోవాలి?

పిల్లలను ఆడుకోనిచ్చి, పెద్దలు కనీసం రెండుసార్లు తీరికగా కూర్చోండి. మొదటిసారి అందరూ మంచిగానే మాట్లాడతారు. రెండోసారి అసలు విషయాలు బయటికి వస్తాయి.

పిల్ల ఏడిస్తే ఎంతసేపు ఆగుతారు, వెంటనే ఎత్తుకుంటారా? నిద్రపుచ్చడం ఎలా? అన్నం తిననని మొండికేస్తే ఏం చేస్తారు? టీవీ, ఫోను చూపిస్తారా? చివరి ప్రశ్నపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన స్పష్టంగా ఉంది: రెండేళ్లలోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దు, రెండేళ్లు నిండినవాళ్లకు రోజుకు గంటకు మించవద్దు. ఒకరు దీన్ని పాటించి మరొకరు పాటించకపోతే ఒకే గదిలో ఇద్దరికీ కుదరదు. ఎందుకంటే తెర వెలిగితే రెండో బిడ్డ కూడా చూస్తుంది.

టీకాల సంగతి అడగడం మర్యాద తప్పడం కాదు. కొన్ని టీకాలు వేయించే వయసు ఇంకా రాని పసిబిడ్డ ఆ ఇంట్లో ఉంటే, పెద్దబిడ్డకు వేయించడమే చిన్నబిడ్డకు రక్షణ. పెంపుడు జంతువులు, పొగతాగే అలవాటు, ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు, ఎవరెవరు వచ్చిపోతుంటారు అన్నవి కూడా అడగాలి.

ఎంతకాలం ఈ ఏర్పాటు కొనసాగించాలనుకుంటున్నారో తప్పకుండా తెలుసుకోండి. ఆరు నెలల్లో ఊరు మారే ఆలోచన ఉన్న కుటుంబంతో మొదలుపెట్టి, తర్వాత ఒంటరిగా మొత్తం జీతం భరించలేక ఆయాను మానిపించినవాళ్లు ఉన్నారు. అప్పుడు నష్టపోయింది ఆయా, ఆ ఇంట్లో మిగిలిన బిడ్డ.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: “మీకు మా మీద కోపం వస్తే ఎలా చెబుతారు?” దీనికి వచ్చే జవాబు కన్నా జవాబు చెప్పే తీరును గమనించండి.

పిల్లల వయసుల్లో ఎంత తేడా ఉండవచ్చు?

ఇద్దరూ ఒకే వయసు వాళ్లైతే ఆటలు కలుస్తాయి, కానీ ఆకలి, నిద్ర, డైపర్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. నాలుగు నెలలలోపు పసివాళ్లు ఇద్దరిని ఒక్క మనిషికి అప్పగించడం కష్టమని నా అభిప్రాయం. కవలల తల్లిని అడిగితే చెబుతారు. ఏడాది వరకు తేడా ఉంటే పని కాస్త సర్దుకుంటుంది.

అసలు చూడవలసింది వయసు కన్నా పగటి నిద్ర. చాలామంది పిల్లలు మొదటి ఏడాది రెండో సగానికి పగలు రెండు కునుకులకు వస్తారు. పదిహేను నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఒక్కదానికి మారతారు. ఒకరు రెండుసార్లు, మరొకరు ఒక్కసారి పడుకునే నెలల్లో ఆయాకు ఊపిరి తీసుకునే సమయం ఉండదు. బయటికి తీసుకెళ్లడమూ కుదరదు. ఆ దశ కొన్ని వారాల్లో దాటిపోతుంది. దాన్ని చూసి ఏర్పాటే చెడిందనుకోకండి.

మంచి ఆయాను ఎలా గుర్తించాలి?

రెండు కుటుంబాలూ కలిసే మాట్లాడండి. ఒకరు ముందే తేల్చేసుకుని రెండోవాళ్లకు చూపిస్తే, ఆమె మొదటివాళ్ల మనిషిగానే మిగిలిపోతారు.

“మీకు పిల్లలంటే ఇష్టమేనా” అని అడిగితే ఎవరైనా అవునంటారు. జరిగిన సంగతులు అడగండి. ఇంతకుముందు ఇద్దరు పిల్లలను కలిపి చూశారా? ఇద్దరూ ఒకేసారి ఏడిస్తే ఎవరిని ముందు ఎత్తుకున్నారు, ఎందుకు? ఆ ఇంట్లో మీకు నచ్చని పద్ధతి ఏమైనా ఉందా, దాని గురించి ఏం చేశారు? పని ఎందుకు మానేశారు? ఎవరిని ముందు ఎత్తుకున్నారన్న ప్రశ్నకు మేము మాట్లాడిన ఆయా, “దెబ్బ తగిలినవాళ్లను ముందు, ఆకలిగా ఉన్నవాళ్లను తర్వాత, ఊరికే ఏడ్చేవాళ్లతో దూరం నుంచే మాట్లాడుతుంటాను” అన్నారు. మాకు ఇక అడగవలసింది పెద్దగా మిగలలేదు.

ప్రథమ చికిత్స వచ్చా అని తప్పక అడగండి. ఏడాదిలోపు బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే, బోర్లా పట్టుకుని తల కిందికి ఉంచి వీపు మీద ఐదు దెబ్బలు వేయాలి. అప్పటికీ పోకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. అడ్డు తొలగేవరకు ఇవే మార్చి మార్చి చేయాలి. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు, చేతులతో సాధన చేయాలి. ఆమెకు రాకపోతే శిక్షణకు పంపండి. ఫీజు రెండు కుటుంబాలూ కట్టండి, ఆ గంటలకు జీతమూ ఇవ్వండి. మీరు కూడా వెళ్లండి.

పాత యజమానులతో మాట్లాడటం అవసరమా?

అవసరం, ఫోనులో మాట్లాడటమే మేలు. రాతలో అందరూ మంచే రాస్తారు. “మళ్లీ అవసరమైతే ఆమెనే పెట్టుకుంటారా?” అని అడిగి, అవతలివాళ్లు జవాబుకు ముందు ఎంతసేపు ఆగుతారో వినండి. గుర్తింపు పత్రాలు చూడండి, కావాలంటే నకళ్లు తీసుకోండి. అసలు పత్రాలు మాత్రం మీ దగ్గర ఉంచుకోకండి. అవి ఆమెవి.

ఎవరి ఇంట్లో చూసుకోవాలి?

మూడు పద్ధతులున్నాయి: ఎప్పుడూ ఒకే ఇల్లు, వారం వారం మార్పు, నెల నెలా మార్పు. పిల్లలకు ఒకే ఇల్లు సుఖం. కానీ ఆ ఇంటివాళ్లపై భారం ఎక్కువ. కరెంటు, నీళ్లు, చిందిన తిండి, గోడమీది గీతలు అన్నీ వాళ్లవే. ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లుంటే మరీ కష్టం. తలుపు చాటున అమ్మ గొంతు వినిపిస్తే బిడ్డ ఆయా దగ్గర నిలవదు.

మారుస్తూ ఉండాలనుకుంటే వారానికోసారి కన్నా తక్కువ వ్యవధిలో మార్చకండి. రెండిళ్లలోనూ ఇద్దరు పిల్లలకు విడివిడిగా పడక, కుర్చీ, మార్చుకునే బట్టలు ఉండాలి. మెట్ల దగ్గర అడ్డు, స్విచ్‌బోర్డులకు మూతలు, మందులు పైఅరలో ఉండటం, బరువైన బీరువాలు గోడకు బిగించి ఉండటం రెండిళ్లలోనూ ఒకేలా చూసుకోవాలి. మా ఇంట్లో మా పాపకు అందని ఎత్తు వాళ్ల బాబుకు అందేది. అతను మొదటి రోజే ఆ సంగతి మాకు చూపించాడు.

జీతం ఎలా లెక్కకట్టాలి?

సగానికి సగం ఖర్చు తగ్గుతుందన్న ఆశతో రాకండి. ఇద్దరిని చూసుకునే మనిషికి ఒక్కరిని చూసుకున్న జీతమే ఇస్తే అది అన్యాయం. చాలామంది పాటించే పద్ధతి ఇది: ఒక్క కుటుంబమే పెట్టుకుంటే ఇవ్వవలసినదాంట్లో మూడింట రెండు వంతులు ప్రతి కుటుంబమూ ఇస్తుంది. ఒక్క బిడ్డకు గంటకు 90 అనుకుంటే, ఇద్దరున్నప్పుడు చెరి 60 ఇస్తారు. ఆయా చేతికి 120 అందుతుంది. మీకు మూడో వంతు మిగిలింది, ఆమెకు మూడో వంతు పెరిగింది. ఈ ఏర్పాటు నిలబడేది ఈ రెండో మాట నిజమైనప్పుడే.

గంటలు సమానంగా లేకపోతే లెక్క జాగ్రత్తగా వేయాలి. ఒక కుటుంబానికి వారానికి 40 గంటలు కావాలి, రెండో కుటుంబానికి అందులో 24 గంటలే కావాలనుకుందాం. కలిసి ఉన్న 24 గంటలకు చెరి 60 చొప్పున 1,440. మిగిలిన 16 గంటలు మొదటి కుటుంబం బిడ్డ ఒక్కరే కాబట్టి గంటకు 90 చొప్పున మరో 1,440. మొత్తంమీద మొదటివాళ్లు 2,880, రెండోవాళ్లు 1,440 ఇస్తారు. ఆయాకు 4,320 వస్తుంది. మొత్తాన్ని సగం చేసి ఉంటే రెండోవాళ్లు 2,160 కట్టవలసి వచ్చేది. ఇలా కాగితం మీద వేసి చూపిస్తే ఎవరికీ మనసులో ముల్లు మిగలదు.

ఒక కుటుంబంలో ఇద్దరు పిల్లలుంటే వాళ్ల వాటా పెరగాలి. ఎంత పెరగాలన్నది మీరు తేల్చుకోవలసిందే. అయితే “చిన్నది ఎక్కువగా నిద్రపోతుంది కదా” అన్న వాదన మాత్రం నేను ఒప్పుకోను. నిద్రపోతున్న బిడ్డ బాధ్యత కూడా బాధ్యతే.

కనీస వేతనం, పన్నులు, బీమా వంటి విషయాల్లో ఒక్కో దేశానికి ఒక్కో చట్టం ఉంది. కొన్నిచోట్ల రెండు కుటుంబాలూ విడివిడిగా యజమానులుగా నమోదు చేసుకోవాలి. మొదటి నెల జీతానికి ముందే తెలుసుకోండి.

మా బిడ్డ రాని రోజు జీతం తగ్గించవచ్చా?

తగ్గించకూడదు. మీరు విహారయాత్రకు వెళ్లినా, అమ్మమ్మ వచ్చి బిడ్డను చూసుకున్నా, ఆయా ఆ గంటలు మీ కోసం ఉంచారు. వాటిని ఇంకెవరికీ అమ్ముకోలేరు. ఆమె ఇంటి అద్దె మీ సెలవులతోపాటు తగ్గదు. ఆమెకూ జీతంతో కూడిన సెలవులు, జబ్బు చేసినప్పుడు సెలవులు ఉండాలి. రెండు కుటుంబాలూ తమ యాత్రలను వీలైనంతవరకు ఒకే సమయంలో పెట్టుకుంటే ఆమెకు వరుసగా విశ్రాంతి దొరుకుతుంది.

ఒప్పందం రాసుకోవాలా? మాటమీద నడవదా?

రాసుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసం ప్రత్యేకంగా 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. 2013లో అది అమల్లోకి వచ్చింది. పని షరతులను పనివారికి అర్థమయ్యే రీతిలో, వీలైనంతవరకు రాతపూర్వకంగా తెలియజేయాలని, వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఇవ్వాలని అది చెబుతుంది. అదే సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 7 కోట్ల 56 లక్షల మంది ఇంటి పనివారు ఉన్నారు. వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు. నూటికి ఎనభై మందికి పైగా చట్టరక్షణ సరిగా అందని అనధికారిక పద్ధతిలో పనిచేస్తున్నారు. మీ ఇంట్లో ఒక్క కాగితం రాసుకోవడం వల్ల ఆ లెక్క మారకపోవచ్చు. మీ ఇంటికి వచ్చే మనిషి పరిస్థితి మాత్రం మారుతుంది.

నిజానికి రెండు కాగితాలు కావాలి. మొదటిది ఆయాతో: పనివేళలు, జీతం, ఎక్కువ గంటలకు ఇచ్చేది, సెలవులు, చేయవలసిన పనులు, మానాలంటే ఎన్ని వారాల ముందు చెప్పాలి. రెండోది కుటుంబాల మధ్య: ఎవరిల్లు, ఖర్చుల వాటాలు, జబ్బు నియమాలు, ఎవరైనా విడిపోతే ఏం చేయాలి. మొదటి నెలను పరీక్షాకాలంగా పెట్టుకోండి. అది ముగ్గురికీ పరీక్షే, ఆయా ఒక్కరికే కాదు.

ఒక బిడ్డకు జబ్బు చేస్తే?

ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. అందుకే ఇద్దరు పిల్లలూ ఆరోగ్యంగా ఉన్న రోజునే నియమం రాసుకోండి. జ్వరంతో మూలుగుతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, తెల్లవారితే ముఖ్యమైన సమావేశం ఉన్న తల్లి న్యాయంగా ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేకపోయాను.

మేము పెట్టుకున్న నియమాలు ఇవి. జ్వరం వస్తే, మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్నాకే రావాలి. వాంతులు, విరేచనాలు అయితే చివరిసారి అయిన తర్వాత 48 గంటలు ఆగాలి. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా రాకూడదు. మామూలు జలుబు, ముక్కు కారడం అయితే రావచ్చు. దానికీ ఆపితే ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే గడుస్తాయి. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించి జ్వరం వస్తే నియమాలతో పని లేదు, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

జబ్బు పడిన బిడ్డను వాళ్ల అమ్మానాన్నలు ఇంట్లో ఉంచుకుంటే, ఆయా రెండో బిడ్డ దగ్గరే ఉంటారు. ఆ రోజు జీతం వాటాలు మారవు. ఆయాకే జబ్బు చేస్తే? ఎవరెవరు ఏ రోజు సెలవు పెట్టాలో ముందే వంతులు వేసుకోండి. జ్వరంతో ఉన్న ఆమెను “ఈ ఒక్కరోజు రండి” అని బతిమాలకండి. ఆమె కాదనలేరు.

తిండి, పాలు, నిద్ర విషయంలో ముందే చెప్పవలసినవి ఏమిటి?

ఇద్దరు పిల్లలకూ ఒకే నియమం ఉంటే పొరపాటు జరగదు. పసిబిడ్డను ఎప్పుడూ వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండు, బొంత, బొమ్మ లేకుండా పడుకోబెట్టాలి. 1990లలో చాలా దేశాలు ఇలా పడుకోబెట్టమని ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ల సంఖ్య బాగా తగ్గింది. ఇద్దరినీ ఒకే పడకలో ఎప్పుడూ పడుకోబెట్టకూడదు.

తల్లిపాల సీసా మీద బిడ్డ పేరు, పిండిన తేదీ, వేళ రాయండి. అప్పుడే పిండిన పాలు 25 డిగ్రీలకు మించని గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. బిడ్డ తాగి వదిలేసినవి రెండు గంటల్లో వాడాలి, లేదా పారబోయాలి. పొడి పాలు కలిపాక రెండు గంటల్లో పట్టాలి. తాగడం మొదలుపెడితే గంట దాటకూడదు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, అరుదుగానైనా ప్రాణం మీదికి తెచ్చే విషదోషం వస్తుంది. ద్రాక్షపళ్లు నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. గింజలు, బాదం, జీడిపప్పు లాంటివి నాలుగైదేళ్లు వచ్చేదాకా పొడి చేయకుండా పెట్టకూడదు. పెద్దబిడ్డ చేతిలోని ముక్క చిన్నబిడ్డ నోట్లోకి వెళ్లడానికి క్షణం చాలు. కాబట్టి ఇంట్లో చిన్నబిడ్డకు తగని తిండి పెద్దబిడ్డకూ ఆ గంటల్లో పెట్టవద్దు. ఎవరికైనా ఏదైనా పడకపోతే ఆ పదార్థం రెండిళ్లలోనూ ఉండకూడదు.

మా బిడ్డ ఆయాను చూడగానే ఏడుస్తోంది. అలవాటు పడుతుందా?

పడుతుంది. ఎనిమిది నెలలు దాటాక ఏడాదిన్నర వరకు తల్లిదండ్రులు కనుమరుగైతే ఏడవడం ఎదుగుదలలో భాగం. ఆ వయసులో మొదలుపెడితే ఇంకాస్త ఓపిక కావాలి. మొదటి వారం మీరూ గదిలో ఉండండి. తర్వాత గంటసేపు, ఆపైన పూట, చివరికి రోజు మొత్తం వదిలిపెట్టండి. చెప్పకుండా జారుకోకండి. ముద్దుపెట్టి, వెళ్లొస్తానని చెప్పి వెళ్లండి. తలుపు దగ్గర తచ్చాడకండి. ఇద్దరు పిల్లలనూ ఒకే రోజు మొదలుపెట్టకుండా ఒక వారం తేడాతో తీసుకొస్తే ఆయాకు ఒక్కొక్కరినీ తెలుసుకునే వీలుంటుంది.

ఇద్దరం వేర్వేరుగా చెబితే ఆయా ఎవరి మాట వినాలి?

ఎవరి మాటా కాదు. మీరిద్దరూ ముందు మాట్లాడుకుని ఒకే మాట చెప్పాలి. కొత్త నియమం ఏదైనా సరే, ఆయాకు చెప్పే ముందు రెండో కుటుంబానికి చెప్పడం మేము గట్టిగా పెట్టుకున్న పద్ధతి. నెలకోసారి అరగంట ముగ్గురం కూర్చునేవాళ్లం. మొదట ఆయా మాట్లాడాలి, ఆ తర్వాతే మేము.

ఆ కూర్చోవడం మొదలవకముందు ఒక సంగతి జరిగింది. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి రోజూ ఒకరో ఒకరం పది నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాళ్లం. పది నిమిషాలే కదా అనుకున్నాం. ఆ పది నిమిషాల వల్ల ఆమెకు బస్సు తప్పిపోయేది, తర్వాతి బస్సు మరో ముప్పావు గంటకు ఉండేది. ఆమె కూతురు చీకట్లో ఒంటరిగా తల్లి కోసం ఎదురుచూసేదని మూడు నెలల తర్వాత తెలిసింది. అదీ ఆమె చెప్పలేదు, మేము అడిగితే తెలిసింది. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలం పని ముగిసే వేళకు పావుగంట ముందే ఇంట్లో ఉండేవాళ్లం.

ఆయాను “నువ్వు” అనాలా, “మీరు” అనాలా?

ఒకరు “మీరు”, మరొకరు “నువ్వు” అంటుంటే పిల్లలు ఆ తేడాను మనకన్నా ముందే పట్టుకుంటారు. రెండు కుటుంబాలూ “మీరు” అనండి. పిల్లలు ఆమెను ఏమని పిలవాలో ఆమెనే అడగండి.

ఇంటిపనులు కూడా చెప్పవచ్చా?

పిల్లల గిన్నెలు, పిల్లల బట్టలు, వాళ్లు ఆడుకున్న చోటు సర్దడం వరకే. పెద్దల వంట, ఇల్లంతా తుడవడం ఈ ఉద్యోగంలోకి రావు. ఇద్దరు పిల్లలున్నచోట ఆమె చేతులు గిన్నెల్లో ఉంటే కళ్లు పిల్లల మీద ఉండవు. పని జరిగే ఇంటివాళ్లు తమ ఇంటిపని ఆమెకు మెల్లగా అలవాటు చేయడం అవతలి కుటుంబానికీ అన్యాయమే. వాళ్లు జీతమిచ్చే గంటల్లో మీ ఇల్లు శుభ్రమవుతోంది.

కెమెరా పెట్టుకోవచ్చా?

పెట్టుకుంటే ఆమెకు చెప్పి పెట్టండి. రహస్యంగా పెట్టడం చాలాచోట్ల చట్టానికీ విరుద్ధం కావచ్చు. ఆమె బట్టలు మార్చుకునే చోట, స్నానాలగది దగ్గర అస్సలు వద్దు. రెండో కుటుంబం ఒప్పుకోవాలి కూడా, ఎందుకంటే ఆ బొమ్మల్లో వాళ్ల బిడ్డ ఉంటుంది. పిల్లల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టడానికీ ఇదే నియమం.

పిల్లలు కొట్టుకుంటే, కరిస్తే?

ఏడాది నుంచి మూడేళ్ల వరకు కొరకడం, తోయడం మామూలే. మాటలు రాని వయసులో కోపానికి దొరికే దారి అదే. ఎవరు ఎవరిని కొరికారన్న లెక్క ఇంటికి తీసుకెళ్లకండి. ఏం జరిగింది, ఏ వేళకు, దానికి ముందు ఏం జరుగుతోంది అన్నది ఆయా ఒక పుస్తకంలో రాస్తే చాలు. మా పుస్తకం చూస్తే కాట్లన్నీ మధ్యాహ్నం నిద్రకు ముందు అరగంటలోనే జరిగాయి. కాస్త ముందుగానే పడుకోబెట్టడం మొదలుపెట్టాక తగ్గాయి.

బిడ్డ నాకన్నా ఆమెకే దగ్గరైతే?

ఈ ప్రశ్నను తల్లులు గొంతు తగ్గించి అడుగుతారు. మా పాప ఒకరోజు కింద పడి, నేను పక్కనే ఉండగా ఆయా వైపు పరుగెత్తింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత నెమ్మదిగా అర్థమైంది. నేను లేని గంటల్లో నా బిడ్డకు భయం వేస్తే పరుగెత్తడానికి ఒక ఒడి ఉండాలనే కదా నేను ఇన్ని నెలలు వెతికింది. తల్లిదండ్రుల చోటు పిల్లల మనసులో వేరే ఉంటుంది, అది ఎవరూ తీసుకోలేరు. అసూయతో ఆయాను మార్చడం మాత్రం బిడ్డ నుంచి ఒక మనిషిని తీసేయడమే.

ఒక కుటుంబం విడిపోవాలనుకుంటే?

ఊరు మారతారు, రెండో బిడ్డ పుడుతుంది, పిల్ల బడికి వెళ్తుంది. ఎప్పటికైనా ఇది ముగిసేదే. కనీసం నెల ముందు చెప్పాలని, చెప్పిన రోజే ఆయాకూ తెలియాలని రాసుకోండి. మిగిలిన కుటుంబం కొత్తవాళ్లను వెతికేదాకా ఆయా జీతం తగ్గకుండా ఏం చేస్తారో ముందే తేల్చాలి. మేము రెండు నెలలదాకా విడిపోయేవాళ్లే తమ వాటాలో సగం ఇవ్వాలని పెట్టుకున్నాం. కలిసి కొన్న పడక, బండి వంటివి ఎవరికో కూడా కాగితంలో ఉంటే మంచిది.

ఆమె చివరి పనిరోజుకు ముందే రెండు కుటుంబాలూ కలిసి ఆమెకు ఒక ఉత్తరం ఇవ్వండి. ఎన్నాళ్లు పనిచేశారు, ఏ వయసు పిల్లలను చూశారు, ఇద్దరిని కలిపి ఎలా పెంచారు అన్నవి వివరంగా రాయండి. కింద ఇద్దరి ఫోను నంబర్లూ ఉండాలి. కొత్త యజమానులు ఫోను చేసినప్పుడు ఎత్తి, తీరికగా మాట్లాడండి.